సుద్ద గుర్తులు

మామగారు పోయిన నాలుగో రోజు పొద్దున్నే అల్లుడు షెడ్డు కడిగాడు. అతను చేసిన తప్పల్లా అదే. చూసినవాళ్లు మెచ్చుకోవాల్సిన పనే గానీ వేలెత్తి చూపాల్సిన పని కాదు. పలకరించడానికి వచ్చేవాళ్లు ఇంట్లో పట్టక వాకిట్లో నిలబడుతున్నారు. వెనకనున్న వడ్రంగి షెడ్డు శుభ్రం చేస్తే నలుగురూ నీడన కూర్చుంటారని అతనికి తోచింది. తోచడమే తడవుగా చీపురు అందుకున్నాడు.

ఇల్లరికం వచ్చిన దగ్గర్నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా, అతను ఆ షెడ్డులోనే చెక్కలు కోస్తున్నాడు. కానీ దాన్ని ఇంత శ్రద్ధగా ఎన్నడూ ఊడ్చిన పాపాన పోలేదు. చిత్రిక పేడులన్నీ గోనెసంచిలో కుక్కాడు. మూలల్లో గట్టిపడిపోయిన రంపపు పొట్టుని తాపీతో గీకాడు. భార్యని అడిగి బకెట్టు నీళ్లు, పాత పంచె ముక్క తెప్పించుకుని, గోడవారన నిలబెట్టిన టేకు పలకలు, మామగారు ఎంతమంది అడిగినా అమ్మకుండా దాచుకున్న బీరువాలు, పెట్టెలు, మంచం, అన్నీ వరసగా తుడుచుకుంటూ పోయాడు.

వాటి వెనకవైపులా అడుగునా సుద్దతో పెట్టిన గుర్తులున్నాయి. ఒకచోట సున్నా, ఒకచోట ఇంటూ, ఒకచోట నిలువుగీత. అతను వాటిని చూశాడు. వడ్రంగి షెడ్డులో సుద్ద అంటని చెక్క ఎక్కడుంటుంది? ఏ కోతకో పెట్టుకున్న గుర్తులనుకున్నాడు. మామగారు బతికుండగా సుద్ద గీత మీద ఎవరి చెయ్యి పడినా ఇల్లెగిరిపోయేలా అరిచేవాడు. ఆ అరుపు చెవుల్లో మోగి అల్లుడికి దుఃఖం ముంచుకొచ్చింది. ఇంక ఆ కోతలు కోసేదెవరు, ఆ కొలతలు అడిగేదెవరు అనుకుంటూ, ఏడుస్తూ, ఒక్కొక్కటే తుడిచేశాడు.

ఆఖరికి పని బల్ల దగ్గరకొచ్చేసరికి నడుం పట్టేసింది. ఎనిమిదడుగుల బల్ల అది. ఒక కొసన చెక్కని బిగించే ఇనుప మర, పైనంతా ఉలి గాట్లు. పైభాగం ఒళ్లు దాచుకోకుండా తోమాడు. కిందికి వంగే ఓపిక లేక, చెయ్యి చాపి గుడ్డని అటూ ఇటూ ఆడించి అందినంతవరకు సాలెగూళ్లు దులిపేశాడు. పని అయింది. భార్య వచ్చి చూసి, నాన్న ఉండుంటే ఇది మన షెడ్డేనా అని అడిగేవాడు అంది. ఆ మాటకి అతనికి ఎంతో తృప్తిగా అనిపించింది. ఆ తృప్తి సరిగ్గా రెండు రోజులుంది.

ఆరో రోజు మధ్యాహ్నం అంతా షెడ్డులోనే కూర్చున్నారు. పెద్ద బావమరిది ఏదో ఆఫీసులో గుమాస్తా. ఇస్త్రీ చొక్కా నలగకుండా కుర్చీ అంచున కూర్చునే మనిషి, అవసరమైతే తప్ప నోరు విప్పడు. చిన్నవాడు మరో ఊళ్లో ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అన్న నోరు కూడా దేవుడు తనకే ఇచ్చినట్టు మాట్లాడతాడు. అత్తగారు గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. ఇల్లు ఆవిడ పేరునే ఉంది కాబట్టి దాని గొడవ లేదు. పంచుకోవాల్సిందల్లా షెడ్డులో ఉన్న సరుకూ సరంజామా.

"ఎవరిది వాళ్లు పట్టుకుపోతే షెడ్డు ఖాళీ అవుతుంది. అద్దెకిస్తే అమ్మకి ఆధారం" అన్నాడు చిన్నవాడు. "ఏమంటావు బావా? నీకేం, నీ చేతిలో పనుంది. ఎక్కడైనా బతకగలవు."

అల్లుడు ఏమంటాడు? నవ్వాడు. నలభై ఎనిమిదేళ్ల వయసులో, సగం నెరిసిన తలతో, ఎవడి షెడ్డు గుమ్మంలోనో నిలబడి పనుందా అని అడగడం కళ్లముందు కనపడింది. బల్ల లేని వడ్రంగిని కూలివాడంటారు. ఆ భయం అతనికి మామగారి ఊపిరి ఆగిన క్షణంలోనే మొదలైంది. ఇప్పుడు దానికి మాటలొచ్చాయి, అంతే.

అప్పుడు నోరు విప్పాడు పాలిష్ తాత. మామగారి కంటే నాలుగేళ్లు పెద్ద. ఆయన చేసిన ప్రతి సామానుకీ నలభై ఏళ్లుగా మెరుగు పెట్టింది ఈయనే. గోళ్లు పసుపుపచ్చగా, వేళ్ల కొనలు నున్నగా ఉంటాయి.

"పంపకాలకి మీరేం బుర్రలు బద్దలు కొట్టుకోనక్కర్లేదర్రా" అన్నాడు తాత. "మీ నాన్న అన్నిటికీ గుర్తులు పెట్టే పోయాడు. పోయిన నెల నేనిక్కడే ఉన్నాను. సుద్దముక్క పట్టుకుని ఒక్కోదాని దగ్గరికీ వెళ్లడం, కాసేపు నిలబడడం, గుర్తు పెట్టడం. కాగితం రాయించరా అన్నాను. నా పిల్లలకి నా గుర్తులు తెలుసు, మధ్యలో ప్లీడరెందుకు అన్నాడు. పెద్దాడికి సున్నా, అమ్మాయికి నిలువుగీత, చిన్నాడికి ఇంటూ. చిన్నప్పుడు మీ బడి పలకల మీద పెట్టేవాడు కాదూ? అవే."

అల్లుడి పైప్రాణాలు పైనే పోయాయి. అవతల నిలబడ్డ భార్య అతని వైపు చూసింది. బకెట్టు తెచ్చిచ్చింది ఆవిడే. పాత పంచె చింపి ఇచ్చిందీ ఆవిడే. ఆ చూపులో తిట్టూ లేదు, కోపమూ లేదు. అతని భయమే ఆవిడ మొహంలో కూడా కనపడింది.

అందరూ లేచారు. బీరువాలు జరిపారు, పెట్టెలు బోర్లించారు, పలకలు వెనక్కి తిప్పారు. ఎక్కడా సుద్ద మరకైనా లేదు. సామానంతా తలంటు పోసుకున్నట్టు తళతళలాడుతోంది.

"ఏది తాతా గుర్తు?" అన్నాడు చిన్నవాడు. "ఒక్కటి చూపించు."

తాత కళ్లు చికిలించుకుని ఒక పలక తడిమాడు. ఇంకోటి తడిమాడు. "ఇక్కడే పెట్టాడురా. నా కళ్లతో చూశాను."

"బావా, నువ్వు ఊడ్చావుగా. నీకేమైనా కనపడ్డాయా?"

నోరు తెరిస్తే చాలు, అక్కడితో అయిపోయేది. తుడిచేశానయ్యా, తెలియక తుడిచేశాను, అంటే ఆ పూటకి నాలుగు తిట్లు తిని ఊరుకునేవాడు. కానీ భయం ఉన్నవాడి నోటికి తాళం ఉండదు, అబద్ధం దానంతటదే దూకేస్తుంది.

"నేను... కింద ఊడ్చాను. అంతే" అన్నాడు అల్లుడు.

ఆ సాయంత్రం వంటింట్లో భార్య అతని చెయ్యి పట్టుకుంది. "నోరెత్తకండి. ఇప్పుడు చెప్పారంటే కావాలని తుడిచావంటారు. ఇల్లరికపు వాడు, ఎక్కడ ఏం దక్కదోనని ముందే చెరిపేశాడంటారు. మా తమ్ముడి నోరు మీకు తెలియదా?"

"తాత అబద్ధాలకోరు అయిపోతున్నాడే."

"తాతకి పోయేదేముంది? రేపు మర్చిపోతాడు. మనం రోడ్డున పడతాం."

అతను కంచం ముందు కూర్చున్నాడు. తేలు కుట్టిన దొంగ అంటారే, ఆ దొంగే నయం. వాడికి కుట్టింది ఒక్కచోటే. ఇతనికి ఇంట్లో ఎవరు పిలిచినా, గిన్నె చప్పుడైనా, ఒళ్లంతా కుట్టినట్టే ఉంది.

మర్నాడు చిన్నవాడి నోరు ఇంకా పెద్దదైంది. తాత ఆ పాలిష్ వాసనలు పీల్చీ పీల్చీ మతి తప్పాడన్నాడు. కాదు, మతి సరిగ్గానే ఉంది, అన్నయ్యకి ఎక్కువొచ్చేలా కథ అల్లుతున్నాడన్నాడు. తాత గోడకున్న కొక్కేనికి తగిలించిన తన సంచి తీసుకుని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్లిపోయాడు. నలభై ఏళ్లలో ఆ కొక్కెం పగటిపూట ఖాళీగా కనపడడం అదే మొదటిసారి.

అల్లుడు పనిలో తల దూర్చాడు. ఒక బడికి ఇవ్వాల్సిన బల్లలు సగంలో ఉన్నాయి. చెక్కని మరలో బిగించి చిత్రిక పడుతుంటే, చిత్రిక కింద నుంచి పొట్టు చుట్టలు చుట్టలుగా వచ్చి మోచేతి మీద పడుతోంది. ఆ చప్పుడు వింటున్నంతసేపూ అతనికి కాస్త నెమ్మదిగా ఉంటుంది. ఎంత నెమ్మదిగా అంటే, పెద్ద బావమరిది వచ్చి పక్కన నిలబడ్డ సంగతి కూడా తెలియలేదు. తెలిసేసరికి చిత్రిక చేతిలోంచి జారిపోయింది.

"భయపెట్టానా?" అన్నాడు పెద్దవాడు.

"లేదు బావగారూ."

పెద్దవాడు చొక్కా చేతులు మడిచాడు. మడతలు సమంగా ఉన్నాయో లేదో చూసుకున్నాడు. చిత్రిక తీసుకుని, కాళ్లు ఎడంగా పెట్టి, చెక్క మీద తోశాడు. సగం దూరం బాగానే పోయింది. తర్వాత ఎగిరి, చెక్క మీద గాటు పడింది.

"చెయ్యి మర్చిపోయింది" అన్నాడు. "ఇరవయ్యేళ్లు వచ్చేదాకా ఈ బల్ల మీదే పట్టాను బావా. ఆఫీసులో ఉద్యోగం వచ్చిందని కాగితం చూపిస్తే, నాన్న ఈ చెక్కలోంచి తల ఎత్తలేదు. సరే వెళ్లు అన్నాడు. అంతే. ఇక ఈ షెడ్డులోకి రమ్మని ఎప్పుడూ పిలవలేదు." గాటుని బొటనవేలితో తడిమాడు. "తాత చెప్పింది నిజమేనంటావా? నాకు కూడా ఏదో ఒకదాని మీద గుర్తు పెట్టి ఉంటాడా?"

ఆ మనిషి అడిగింది తండ్రి గురించి. అల్లుడికి మాత్రం పోలీసు అడిగినట్టు వినపడింది. కూపీ లాగుతున్నాడు, ఏదో తెలిసిపోయింది, నోటితో చెప్పించుకోవాలని చూస్తున్నాడు అనుకున్నాడు. "నాకేం తెలుసు బావగారూ" అని, గాటు పడ్డ చెక్కని మరలోంచి విప్పుతూ, విప్పిన మరనే మళ్లీ బిగిస్తూ నిలబడ్డాడు. పెద్దవాడు మడిచిన చేతులు విప్పుకుని, గుండీలు పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఎనిమిదో రోజు ఉదయం తాత మళ్లీ వచ్చాడు. లోపలికి రాలేదు. గుమ్మం బయట నిలబడి జేబులోంచి తాళంచెవి తీశాడు. షెడ్డు తాళానికి రెండు చెవులుండేవి. ఒకటి మామగారి దగ్గర, ఒకటి తాత దగ్గర.

"అమ్మా, ఇది తీసుకో" అన్నాడు అత్తగారితో. "అబద్ధాలు చెప్పేవాడి దగ్గర మీ తాళంచెవి ఎందుకు?"

"అయ్యో, అదేం మాట అన్నయ్యా!" అంది అత్తగారు.

"నేను మెరుగు పెడితే నాలుగు పూతలు పెట్టాను గానీ, మూడు పెట్టి నాలుగని చెప్పలేదమ్మా ఎప్పుడూ. నీ మొగుడికి తెలుసు." తాత గడ్డం అదిరింది. పచ్చటి గోళ్ల మధ్య తాళంచెవి కూడా అదురుతోంది. చిన్నవాడు అరుగు మీద కూర్చుని పళ్లు తోముకుంటూ అటు తిరిగి ఉమ్మేశాడు.

అల్లుడు ఒక్కసారిగా లేచి నిలబడ్డాడు. ధైర్యం వచ్చి కాదు. ఆ వేళ్లు అలా వణకడం ఇంకొక్క క్షణం కూడా చూడలేక.

"తాత అబద్ధం చెప్పలేదు" అన్నాడు. "గుర్తులున్నాయి. నేను తుడిచేశాను."

భార్య వంటింటి గుమ్మంలో నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

"తుడిచేశావా?" అన్నాడు చిన్నవాడు, నోట్లో నురగతోనే.

"నాలుగో రోజు. నీళ్లతో. అవి దేనికో నాకు తెలియదు. పని గీతలనుకున్నాను. నా పిల్లల మీద ఒట్టు, పని గీతలనుకున్నాను."

"తెలియదట! ఇరవై ఏళ్లు పక్కనే పనిచేసినవాడికి పని గీతేదో, పంపకం గీతేదో తెలియదట! మొన్న అడిగితే కింద ఊడ్చానన్నావుగా? తడిగుడ్డతో గొంతులు కోయడమంటే విన్నాను గానీ చూడ్డం ఇదే. చూశావా అన్నయ్యా మన బావగారి నిర్వాకం?"

అల్లుడు తల వంచుకున్నాడు. అతను రెండు రోజులుగా లోపల విన్న మాటలే ఇవి, ఒక్క ముక్క తేడా లేదు.

"నువ్వాగరా" అన్నాడు పెద్దవాడు. ఎప్పుడూ లేనిది గొంతు పెంచాడు. తర్వాత అల్లుడి దగ్గరికొచ్చి మామూలుగా అడిగాడు. "తుడిచేటప్పుడు చూశావు కదా?"

"చూశాను."

"గుర్తున్నాయా?"

"కొన్ని..."

"అయితే చెప్పు. తాతా, మీరూ రండి. మీకు తెలిసినవి మీరూ చెప్పండి."

తిట్టి తరిమేస్తారనుకున్నవాడిని సాక్షిని చేసి నిలబెట్టారు. అందరూ షెడ్డులోకి వెళ్లారు. పెద్దవాడు ఆఫీసు అలవాటు కొద్దీ కాగితం, కలం తీశాడు. అల్లుడు ముందు నడుస్తూ ఒక్కొక్కటే ముట్టుకుని చెప్పాడు. కిటికీ వైపు పలకలు, సున్నా. తలుపు వైపువి, ఇంటూ. అద్దం బీరువా, నిలువుగీత. నగిషీ చెక్కిన మంచం, సున్నా. పెద్ద పనిముట్ల పెట్టె, ఇంటూ. తాత అక్కడక్కడా అవునవును అన్నాడు.

"రంపం మర?" అన్నాడు చిన్నవాడు. కరెంటుతో నడిచే ఆ మర లేకపోతే షెడ్డులో పని సగం అవదని అతనికీ తెలుసు.

"ఇంటూ" అన్నాడు అల్లుడు. "వెనకాల, మోటారు పక్కన" అని కూడా చెప్పాడు.

తనకే నష్టం వచ్చే మాట చెప్పినవాడిని దొంగ అనడానికి చిన్నవాడి అంత పెద్ద నోటికి కూడా మాట దొరకలేదు. పొద్దుటి నుంచీ మొదటిసారి అల్లుడికి ఊపిరి సాఫీగా ఆడింది. నమ్ముతున్నారు. నిజంగానే నమ్ముతున్నారు.

"ఈ బల్ల?" అన్నాడు పెద్దవాడు.

పెద్దవాడి అరచెయ్యి బల్ల మీద ఉంది. నిన్న గాటు పడ్డ చెక్క ఇంకా పక్కనే ఉంది. అల్లుడు తాత వైపు చూశాడు. ఆ రోజు మీ నాన్న దీని దగ్గరికొచ్చేసరికి నేను ఇంటికెళ్లిపోయానన్నాడు తాత. ఇక మిగిలింది అల్లుడి మాట ఒక్కటే. దీని అడుగు భాగం అతను చూడలేదు. నడుం నొప్పని వంగలేదు. గుడ్డ ఆడించాడు, అంతే. చూడలేదనాలి. అది ఒక్క మాటతో పోయే పని. కానీ రంపం మర పోయింది, టేకు పోయింది, పనిముట్లు పోయాయి. చూడలేదంటే ఈ బల్ల కూడా పంపకంలోకి వెళుతుంది, గుర్తే లేదంటే ఇది నాదని ఎవరూ అనలేరు. అందరి కళ్లూ తన మీదే ఉన్నాయి.

"చూశాను" అన్నాడు. "దీనికి ఏమీ లేదు."

పెద్దవాడు కాగితం మీద కలం ఆనించి, రాయకుండా ఆగాడు. తర్వాత నెమ్మదిగా తల ఊపాడు.

"నాన్న పద్ధతి అదేగా. కోసి పక్కన పెట్టేదానికే సుద్ద గుర్తు. ఉండాల్సిన చెక్కకి గుర్తు పెట్టడు. చిన్నప్పుడు నేను తప్పు వైపు కోస్తే ఎన్నిసార్లు చెప్పాడో, గుర్తున్నది పోతుంది, గుర్తులేనిది ఉంటుంది అని." బల్ల మీద నుంచి చెయ్యి తీశాడు. "అంటే ఇది కదలకూడదన్నమాట. ఇక్కడే ఉండాలి, ఇక్కడ పనిచేసేవాడికి ఉండాలి. తమ్ముడూ, షెడ్డు ఖాళీ చేసి అద్దెకివ్వడం కుదరదు. బావే అమ్మకి అద్దె కింద ఎంతో కొంత ఇస్తాడు."

"అంతేలే" అన్నాడు చిన్నవాడు. "నా మర కూడా ఇప్పుడెక్కడికి మోస్తాను. ఉండనీ కొన్నాళ్లు."

తాత తాళంచెవి మళ్లీ జేబులో వేసుకున్నాడు. అత్తగారు ముక్కు చీదింది. భార్య మొహంలో రంగొచ్చింది. అంతా అయిపోయింది, అంతా బాగానే అయిపోయింది. నమ్మరేమోనని అల్లుడు అన్ని రోజులు భయపడ్డాడు. నమ్మారు. ఆ నమ్మడం ఇంత భయంగా ఉంటుందని అతనికి తెలియదు.

తొమ్మిదో రోజు తెల్లవారగానే పెద్దవాడు, పెద్ద కర్మకి మళ్లీ వస్తానని చెప్పి, ఆఫీసు పని మీద బయల్దేరుతున్నాడు. ఇంట్లో పెట్టె సర్దుతున్న చప్పుడు, కాఫీ గ్లాసుల చప్పుడు వినపడుతున్నాయి. అల్లుడు టార్చిలైటు తీసుకుని షెడ్డులోకి వెళ్లాడు. తనకి తానే ఏదో వెతుక్కోవడానికి వెళ్తున్నట్టు చెప్పుకున్నాడు.

ముందు కిటికీ పక్కనున్న టేకు పలక మీద లైటు వేశాడు. సున్నా ఉన్నచోటు అతనికి బాగా గుర్తు. పైన నున్నగా, శుభ్రంగా ఉంది. కళ్లు దగ్గరగా పెట్టి, లైటు పక్కవాటుగా పట్టుకుంటే కనపడింది. చెక్క గీతల సందుల్లో, సూదిమొన కూడా దూరని రంధ్రాల్లో, తెల్లటి పొడి ఇరుక్కుని ఉంది. గుడ్డ పైపైనే తుడిచింది. లోపలిది లోపలే ఉంది. ఇంటూ ఉన్న పలకకీ అంతే, మంచం పట్టెకీ అంతే.

ఇంక చూడక్కర్లేదు, పోనీ, పనికి టైమైంది అనుకున్నాడు. అనుకుంటూనే మోకాళ్ల మీద కూర్చుని, వెల్లకిలా పడుకుని, బల్ల కిందికి జరిగాడు. సాలెగూళ్లు మొహానికి తగిలాయి. లైటు పక్కవాటుగా తిప్పాడు. నల్లబడిన పాత చెక్క, ఒక మేకు, ఒక పగులు. దాని పక్కన తెల్లటి వంపు. లైటు జరిపితే వంపు ఇంకొంచెం సాగింది. ఇంకొంచెం జరిపితే, తిరిగి మొదటికొచ్చి కలిసింది.

ఎంతసేపు అలా పడుకున్నాడో అతనికే తెలియదు. పైకి లేచేసరికి భార్య గుమ్మంలో ఉంది. అతని మొహం చూడగానే గుర్తుందా అని అడగాల్సిన పని లేకపోయింది.

"ఎవరిది?" అంది.

"మీ అన్నయ్యది."

ఆవిడ వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "చిత్రికతో ఒక్క పట్టు పడితే పోతుంది" అంది. అనేసి, తన మాటకి తనే బెదిరినట్టు, గుమ్మం పట్టుకుని కిందికి కూలబడింది. "ఏమో. నాకేం తెలియడం లేదు. మీ ఇష్టం. మీకెలా తోస్తే అలా చెయ్యండి."

చిత్రిక చేతికి అందేంత దూరంలోనే ఉంది. అల్లుడు దాని వైపు చూశాడు. ఇరవై రెండేళ్లలో ఆ పనిముట్టుని చూసి భయపడడం అదే మొదటిసారి. ఒక్కసారి పడితే, ఇక రోజూ ఈ బల్ల దగ్గర నిలబడాలి, రోజూ దీని మీద చేతులు పెట్టాలి. బయట బండి హారన్ మోగింది. అతను భార్యని దాటుకుని పరిగెత్తాడు.

పెద్దవాడు పెట్టె చేత్తో పట్టుకుని వాకిలి దిగుతున్నాడు. తెల్ల చొక్కా, మడత చెక్కుచెదరని ప్యాంటు.

"బావగారూ, ఒక్కసారి షెడ్డులోకి రావాలి."

"బస్సు టైమైంది బావా."

"నేను చూడలేదు" అన్నాడు అల్లుడు. రొప్పుతున్నాడు. "బల్ల. చూశానన్నది అబద్ధం. వంగలేదు, చూడలేదు. బల్ల పోతుందని భయమేసి అన్నాను. ఇప్పుడు చూశాను. రండి, మీరే చూడండి."

పెద్దవాడు అతన్ని పైనుంచి కిందికి చూశాడు. పెట్టె అక్కడే దింపాడు. షెడ్డులోకి నడిచి, బల్ల ముందు ఒక్క క్షణం ఆగి, ఇస్త్రీ బట్టలతోనే కింద వెల్లకిలా పడుకుని బల్ల కిందికి జరిగాడు. అల్లుడు పక్కన మోకాళ్ల మీద కూర్చుని లైటు పట్టుకున్నాడు. వెలుగు అటూ ఇటూ పోతుంటే పెద్దవాడు అతని మణికట్టు పట్టుకుని ఆపాడు.

చాలాసేపు చూశాడు. తర్వాత చూపుడువేలు ఎత్తి చెక్కకి ఆనించాడు. పగులు పక్కన మొదలుపెట్టి, ఎక్కడా వేలు ఎత్తకుండా, తడబడకుండా, నెమ్మదిగా గుండ్రంగా తిప్పి మొదటికి తెచ్చాడు. ఆగి, మళ్లీ ఇంకోసారి తిప్పాడు. అతని కంటి కొసల్లోంచి నీళ్లు చెవుల వైపు జారుతున్నాయి. వాటిని తుడుచుకోలేదు.

బయటికి జరిగి లేచాడు. చొక్కా వీపంతా పొట్టు, జుట్టులో సాలెగూడు. భార్య గుమ్మంలో లేచి నిలబడింది. అల్లుడు లైటు ఆర్పడం కూడా మర్చిపోయి అతని మొహం వంకే చూస్తున్నాడు.

"నాకేమీ కనపడలేదు బావా" అన్నాడు పెద్దవాడు. "కళ్లజోడు మార్చుకోవాలి."

"బావగారూ, అదుగో, పగులు పక్కనే..."

"ఏమీ లేదన్నానుగా. నిన్న రాసిందే రాత. పనికి టైమైంది, కానివ్వు."

బల్ల మీద అరచెయ్యి పెట్టి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాడు. వాకిట్లోకొచ్చి పెట్టె అందుకున్నాడు. చెల్లెలు వెనకే వచ్చి, అన్నయ్యా, వీపంతా పొట్టు అంటుకుంది ఆగు అంటూ దులపబోయింది. ఉండనీ అమ్మా అని, అలాగే వెళ్లి బండి ఎక్కాడు.